డబ్బింగ్‌లో చూసుకుందాం

పరిచయమైన మొదటి రోజే ఆ అమ్మాయికి నేను "నువ్వు లేకపోతే బతకలేను" అని చెప్పాను. ఆమె "నా కళ్ళ ముందు నుంచి వెళ్ళిపో" అంది. నేను "చచ్చేదాకా నీ వెంటే ఉంటాను" అన్నాను. ఆమె "మీ అమ్మ మొహం చూసి ఊరుకుంటున్నాను" అంది. ఆ తర్వాత భోజనానికి బ్రేక్ ఇచ్చారు. ఇద్దరం చెరో మూల కూర్చుని తిన్నాం. అప్పటికి ఆమె పేరేమిటో కూడా నాకు తెలియదు.

ఇందులో మా తప్పేం లేదు. మేమిద్దరం ప్రాంప్టర్లం.

మా డైలీ సీరియల్ హీరోకీ హీరోయిన్‌కీ మన భాష రాదు. రాకపోవడమే ఆ ఉద్యోగానికి అర్హత అనుకుంటాను. అందుకని కెమెరా పక్కన ఒక మనిషి పేపర్ పట్టుకుని నిలబడి, డైలాగుని ముక్కలు ముక్కలుగా గట్టిగా చదవాలి. వాళ్ళు ఆ ముక్కని అప్పజెబుతారు. తర్వాత డబ్బింగ్ థియేటర్లో మా గొంతులూ వాళ్ళ గొంతులూ చెరిపేసి, ఇంకెవరిదో తియ్యటి గొంతు అతికిస్తారు. హీరో మాటలు అందించేది నేను. హీరోయిన్ మాటలు అందించేది ఆమె. సెట్లో మా పేర్లు ఎవరూ అడగలేదు. నేను మగగొంతు, ఆమె ఆడగొంతు. "మగగొంతు ఎక్కడ చచ్చాడ్రా?" అని కేక వినిపిస్తే నేను పరిగెత్తాలి.

కాలేజీలో మాత్రం నేను మామూలు మనిషిని కాను. మీడియా కోర్సు ఆఖరి సెమిస్టర్. ఒక మనిషి గోడ వైపు చూస్తూ కూర్చునే షార్ట్ ఫిల్మ్ ఒకటి తీశాను. చూసినవాళ్ళందరూ గోడ బాగా నటించిందన్నారు. అలాంటి కళాకారుణ్ణి ఇంటర్న్‌షిప్ అని చెప్పి ఇక్కడ పడేశారు. మూడు గోడల ఇల్లు, పైకి వెళ్ళి ఎక్కడికీ చేరని మెట్లు, తెరిస్తే ప్లైవుడ్ కనిపించే బీరువా. ఒకరు చెంపదెబ్బ కొడితే, ఇంట్లో ఉన్న పదిమంది మొహాలూ ఒక్కొక్కటే మూడేసిసార్లు చూపించేదాకా దెబ్బ తిన్నవాడు చెంప మీద చెయ్యి తియ్యకూడదు. టెలివిజన్ ప్రొడక్షన్ గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

రెండో పాఠం మా డైరెక్టర్ గారు నేర్పారు. ఆయన జీవితం మొత్తం ఒక్క మాట మీద నడుస్తుంది. లైటు తక్కువైనా, హీరో మాట మింగినా, పక్క వీధిలో ఎవరో గోడకి డ్రిల్లింగ్ మెషిన్ పెట్టినా ఆయన మాట ఒకటే.

"డబ్బింగ్‌లో చూసుకుందాం."

ఇంత మంచి సిద్ధాంతం దొరికాక నేనెందుకు కష్టపడాలి? "నా ఊపిరి ఉన్నంత వరకూ నీ చెయ్యి వదలను" అని పేపర్లో ఉంటే, నేను "ఊపిరి" అనేవాణ్ణి. హీరో కళ్ళనీళ్ళతో "ఊపిరి" అనేవాడు. "చెయ్యి" అనేవాణ్ణి. "చెయ్యి." "వదలను." "వదలను." మిగతాది డబ్బింగ్ వాళ్ళు సర్దుకుంటారు. జీతం తీసుకుంటున్నారు కదా.

ఆ సీను టీవీలో వచ్చిన మర్నాడు పొద్దున్నే, నేను టీ కప్పు నోటి దగ్గర పెట్టుకోగానే, ఆడగొంతు వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, మీకు నోరు నొప్పా?"

"లేదే. ఎందుకు?"

"డైలాగు మొత్తం చెప్పడానికి ఏం రోగం మరి?"

నేను ఆమె కంటే ఒక వారం ముందు చేరాను. ఆ వారం సీనియారిటీ అంతా మొహంలోకి తెచ్చుకున్నాను. "చూడండి మేడమ్, కొత్తగా వచ్చారు. ఇక్కడ అలాగే చేస్తారు. ఎలాగూ డబ్బింగ్‌లో..."

"చూసుకుంటారు. తెలుసు. కానీ పెదాలకి ఎవరు డబ్బింగ్ చెప్తారు?"

"పెదాలు ఎవరు చూస్తారండీ?"

"మా అమ్మమ్మ చూస్తుంది."

నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాను, టీతో సహా. నాలుక కాలింది.

వాళ్ళ అమ్మమ్మకి చెవులు వినిపించవట. ఎప్పుడో పెద్ద జ్వరమొచ్చి పోయాయట. అప్పటి నుంచీ మనుషుల పెదాలు చూసి మాట చదువుకుంటుంది. సాయంత్రం మా సీరియల్ ఒక్కటే ఆవిడకి కాలక్షేపం. టీవీ సౌండ్ తీసేసి, ముందుకు వంగి కూర్చుని, ఒక్క ముక్క వదలకుండా చదువుతుందట.

"నిన్న మీ హీరో ఏమన్నాడో తెలుసా? 'ఊపిరి చెయ్యి వదలను' అన్నాడు. మా అమ్మమ్మ సాయంత్రమంతా ఆలోచించింది, ఊపిరికి చెయ్యేమిటి అని. ఆఖరికి పాపం వీడికి ఏదో దెబ్బ తగిలి బుర్ర చెడింది, రేపటి ఎపిసోడ్‌లో చెప్తారేమో అంది."

"మంచి ట్విస్టే. రైటర్ గారికి చెబుదామా?"

ఆమె నవ్వలేదు. "నన్ను పెంచింది ఆవిడ. రోజుకి అరగంట ఆవిడ సంతోషంగా ఉంటుంది. ఆ అరగంటలో సగం మీ చేతిలో ఉంది, హీరోగారూ. కాస్త నోరు తెరిచి ఏడవండి" అని వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండిపోయింది. సిగ్గు కూడా వేసింది. రెండూ కలిసొస్తే మనిషి బుద్ధిమంతుడవుతాడని అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి ఒక్క ముక్క వదల్లేదు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. నేను పేపర్ పట్టుకుని పక్కన నిలబడితే, మాట కోసం హీరో కళ్ళు నా వైపు తిరిగేవి. మానిటర్లో చూస్తే హీరోయిన్‌ని వదిలేసి తలుపుతో ప్రేమలో పడ్డట్టు ఉండేది. డైరెక్టర్ గారు "చూపు! చూపు అటు పోతోంది!" అని నెత్తి కొట్టుకున్నారు. చివరికి నన్ను తీసుకెళ్ళి హీరోయిన్ భుజం వెనకాల నిలబెట్టారు. అప్పుడు హీరో నన్ను చూసినా హీరోయిన్‌ని చూసినట్టే ఉంటుంది. అదే లెక్కన ఆడగొంతుని హీరో భుజం వెనకాల నిలబెట్టారు.

అంటే ఏమైంది? మధ్యలో ఇద్దరు నటులు. అటు ఆమె, ఇటు నేను, ఎదురెదురుగా. రోజంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ప్రేమించుకోవాలి, పోట్లాడుకోవాలి, విడిపోవాలి, మళ్ళీ కలవాలి. అదీ ఏ భావమూ లేకుండా. ప్రాంప్టింగ్‌లో భావం పెట్టకూడదు. పెడితే నటులు తికమకపడతారు. కిరాణా కొట్లో సామాను చదివినట్టు చదవాలి.

"నీ కళ్ళల్లో... నా లోకం... చూసుకున్నాను" అని నేను చదువుతాను.

"ఆ లోకాన్ని... నువ్వే... కూల్చేశావు" అని ఆమె చదువుతుంది.

హీరో ఏడుస్తాడు. హీరోయిన్ ఏడుస్తుంది. వాళ్ళ భుజాల మీదుగా ఆమె నన్ను చూసి, 'లోకాన్ని' దగ్గర మీ వాడు తుమ్మాడు అని కళ్ళతోనే చెప్తుంది. నాకు నవ్వు ఆగదు.

అలా ఆ కళ్ళు అలవాటైపోయాయి. కోపమొస్తే ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేస్తుంది. అబద్ధమాడేటప్పుడు పేపర్ మడతపెడుతుంది. నిద్ర చాలకపోతే ఒత్తులు తప్ప అన్నీ పలుకుతుంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. టీ తాగేటప్పుడు నా బిస్కెట్ కూడా తనదే అయింది. సెలవు రోజు ఇంట్లో ఉంటే, నా ఎదురుగా ఏదో తక్కువైనట్టు ఉండేది. మా అక్క "ఏంట్రా, శూన్యంలోకి చూస్తున్నావ్?" అంటే "షార్ట్ ఫిల్మ్ గురించి ఆలోచిస్తున్నాను" అన్నాను. పాపం, నమ్మింది.

చెప్పేద్దామంటే ఒక పెద్ద అడ్డం ఉంది. ఒకరోజు మేకప్ అక్క తనని అడిగింది, "నీకెవరైనా ప్రపోజ్ చేస్తే ఏం చేస్తావే?" అని. నేను పక్కనే వైరు చుడుతున్నాను. వైరు అక్కడే ఆగిపోయింది.

"నవ్వుతాను అక్కా" అంది. "పొద్దున లేస్తే ప్రాణం, ఊపిరి, గుండె, ఏడేడు జన్మలు. చెవులు చిల్లులు పడిపోయాయి. ఇప్పుడు నా ముందు ఎవడైనా 'నువ్వే నా ప్రాణం' అన్నాడనుకో, ముక్క ఎక్కడ విరగ్గొట్టాలా అని చూస్తాను తప్ప ఇంకేం అనిపించదు."

అయిపోయింది నా పని. లోకంలో ఉన్న ప్రేమ మాటలన్నీ నేనే, నా నోటితోనే, ఈ అమ్మాయి మొహం మీదే అరిచి అరిచి అరగదీశాను. ఇప్పుడు సొంతానికి కావాలంటే ఒక్కటీ మిగల్లేదు.

నెలాఖరుకి మా ఇద్దరి ఇంటర్న్‌షిప్ అయిపోతుంది. తను తన కాలేజీకి, నేను నా కాలేజీకి. రెండూ ఊరికి చెరో చివర. ఈలోపు చెప్పకపోతే, ఇక చెప్పడానికి కారణం దొరకదు. ఫోన్ చేసి "ఆ, ఊరికే చేశాను" అనే బాపతులో కలిసిపోతాను.

అలా మథనపడుతున్న రోజుల్లో వాన సీను వచ్చింది.

హీరో హీరోయిన్లు వానలో తడుస్తూ రాజీపడాలి. దానికోసం ఆవరణలో చిల్లుల పైపులు కట్టారు, ట్యాంకర్ తెప్పించారు. సరిగ్గా షాట్ పెట్టే టైముకి నిజం వాన దిగింది. డైరెక్టర్ గారికి పిచ్చి కోపం వచ్చింది. "ఈ వాన కెమెరాలో వానలా కనిపించదు! ఆపండి!" అని అరిచారు. ఏది ఆపమన్నారో తెలియక మేనేజర్ ఆకాశం వైపు చూశాడు. వాన సీను వాన వల్ల ఆగిపోయింది. అందరూ తలో చూరు కిందికి పరిగెత్తారు.

నేనూ తనూ లోపలికి పరిగెత్తి, ఎక్కడికీ వెళ్ళని ఆ మెట్ల కింద దూరాం. పైన రేకుల మీద ఒకటే మోత. తన చున్నీ కొస పిండుకుంటోంది. ముక్కు చివర ఒక చుక్క పడనా వద్దా అని వేలాడుతోంది. ఇంత దగ్గరగా, మధ్యలో ఇద్దరు నటులు లేకుండా, మొదటిసారి నిలబడ్డాం.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకున్నాను. ఊపిరి బిగబట్టి నోరు తెరిచాను. తెరిస్తే ఏమొచ్చింది? రోజూ వచ్చే గొంతే వచ్చింది. వాన మోతకి తగ్గట్టు గట్టిగా, ఏ భావమూ లేకుండా, ముక్కలు ముక్కలుగా.

"నువ్వు ఎదురుగా లేకపోతే... నాకు ఏమీ తోచడం లేదు... ఈ పని అయిపోయాక కూడా... నువ్వు నాకు... రోజూ కనిపించాలని ఉంది."

తను చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నది. తల ఊపింది.

"రేపటి సీనా?"

నేను కాదనేలోపే తను వేళ్ళ మీద ముక్కలు లెక్కపెట్టింది.

"మాటలు బాగున్నాయి. రైటర్ గారు మారినట్టున్నారే, ప్రాణం ఊపిరి ఏమీ లేవు! కానీ రెండో ముక్క పొడుగైంది. మీ హీరో మింగేస్తాడు. 'నాకు ఏమీ' దగ్గర ఊపిరి తీసుకోనివ్వు. ఆఖరి ముక్క మాత్రం కలిపి చెప్పు. ఏది, ఇంకోసారి?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంకోసారి చెప్పాను. ఏం చెయ్యను మరి! ఆమె చెప్పినట్టే 'నాకు ఏమీ' దగ్గర ఊపిరి తీసుకున్నాను.

"ఆఁ, ఇప్పుడు బాగుంది" అంది. వాన తగ్గింది. డైరెక్టర్ గారు పైపులు తిప్పమన్నారు.

ఆ రోజు నుంచి నన్ను నేను తిట్టుకోని పూట లేదు. ప్రేమించిన అమ్మాయికి మనసు విప్పి చెప్తే, ఉచ్చారణ దిద్దించుకుని వచ్చిన వెధవ నేనొక్కడినే అయ్యుంటాను. తను మాత్రం ఆ మర్నాటి నుంచి కొంచెం తేడాగా ఉంది. నన్ను చూసి పేపర్ మడతపెడుతోంది. అడిగితే "ఏం లేదు" అంది, ఇంకో మడత పెట్టి.

చూస్తూండగానే ఆఖరి రోజు వచ్చేసింది.

ఆ రోజు ఒకే పెద్ద సీను. హీరో హీరోయిన్లు హాల్లో నిలబడి ఏదో తేల్చుకోవాలి. ఏం తేల్చుకోవాలో పేపర్ వస్తే కదా తెలిసేది! రైటర్ గారికీ చానల్ వాళ్ళకీ పొద్దున్నుంచీ యుద్ధం. హీరోకి మతి పోవాలని ఈయన, ఆస్తి పోవాలని వాళ్ళు. మధ్యాహ్నం దాటినా పేపర్ రాలేదు. హీరోయిన్‌కి సాయంత్రం విమానం ఉంది.

డైరెక్టర్ గారు గడియారం చూశారు, మా ఇద్దర్నీ చూశారు.

"ఏదో ఒకటి చెప్పించండయ్యా. ఈ పొడుగున అటొక ఆరు ముక్కలు, ఇటొక ఆరు ముక్కలు. వాడు ఏడవాలి, ఆవిడ ముందు కోపంగా ఉండి తర్వాత కరగాలి. మాటలదేముంది?"

యూనిట్ అంతా కలిసి పూర్తిచేశాం. "డబ్బింగ్‌లో చూసుకుందాం."

ఇలాంటప్పుడు ఎక్కాలు చెప్పించడం ఇక్కడ ఆనవాయితీ. నేను హీరోయిన్ భుజం వెనకాల నిలబడ్డాను. తను హీరో భుజం వెనకాల. యాక్షన్ అన్నారు.

"రెండ్రెళ్ళు... నాలుగు."

హీరో కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "రెండ్రెళ్ళు... నాలుగు" అన్నాడు, గుండె పగిలేలా.

"రెండు మూళ్ళు... ఆరు."

అతను అంతకంటే గొప్పగా ఏడ్చాడు. అప్పుడు అటు చూస్తే తన ఎడమ కనుబొమ్మ లేచి ఉంది. పెదాలు మాత్రం కదిపి ఒక్క మాట అంది. అమ్మమ్మ.

నిజమే. ఇంకో నాలుగు రోజుల్లో ఒక పెద్దావిడ టీవీ ముందు వంగి కూర్చుని, పాపం ఈ పిల్లాడికి బుర్ర పూర్తిగా పోయింది, ఎక్కాలు అప్పజెబుతున్నాడు అనుకుంటుంది.

"కట్! చూపు బాగాలేదు, వన్ మోర్!" అన్నారు డైరెక్టర్ గారు.

మళ్ళీ యాక్షన్. ఎక్కాలు వద్దు. ఏదో ఒక అర్థమున్న మాట కావాలి. చేతిలో పేపర్ లేదు. ఎదురుగా ఆ కళ్ళున్నాయి. నోరు తెరిచాను. ఆ క్షణాన నా దగ్గరున్న అర్థమున్న మాటలు అవే.

"ఈ రోజుతో... నా పని అయిపోతుంది."

హీరో అన్నాడు.

"ఆ రోజు... మెట్ల కింద... నేను చెప్పింది... సీను కాదు."

హీరో అదీ అన్నాడు, ముక్క పోకుండా, ధారగా ఏడుస్తూ. హీరోయిన్ మాట కోసం ఎదురుచూస్తోంది. సెట్టంతా ఎదురుచూస్తోంది. తన గొంతు రాలేదు.

"ఆడగొంతూ!" అని డైరెక్టర్ గారు గదమాయించారు.

"తెలుసు" అంది తను. భావం లేదు. కానీ గొంతు కొంచెం వణికింది.

హీరోయిన్ కూడా "తెలుసు" అంది, అదే వణుకుతో.

"పేపర్లన్నీ... వెతికాను. ఆ సీను... ఎక్కడా లేదు."

"మరి... ఎందుకు... చెప్పలేదు?" అన్నాను.

"నవ్వు రాలేదు. అందుకే... భయమేసింది." ఆగింది. "నువ్వే... మళ్ళీ చెప్తావేమోనని... చూశాను. నువ్వు... బిస్కెట్లు ఇచ్చావు... అంతే."

"నాకూ... భయమే."

"నేనంటేనా?"

"మీ అమ్మమ్మంటే."

హీరోయిన్ ఉన్నట్టుండి నవ్వింది. ఎందుకంటే అటు తను నవ్వేసింది. అదే నవ్వుతో, "అమ్మమ్మకి... నేను చెప్తాను" అంది.

"కట్! సూపర్!" డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. షాట్‌లో ఆయన మొహాలు చూస్తారు తప్ప మాటలు వినరు. "చివర్లో ఆ నవ్వు ఏదైతే ఉందో, అద్భుతం! లిప్ కూడా భలే ఉంది. ఏ ఎక్కం చెప్పించారయ్యా?"

"పదమూడో ఎక్కం సార్" అన్నాను.

"అదే అనుకున్నా. కష్టం అందులో కనిపించింది."

ఇన్ని రోజుల్లో మా సీరియల్లో జరిగిన ఒకే ఒక నిజమైన ప్రేమ సన్నివేశం అది. నాలుగు రోజుల తర్వాత టీవీలో వచ్చింది. హీరో ధారగా ఏడుస్తూ "ఫ్యాక్టరీలో వాటా నాకు అక్కర్లేదు, మేనేజర్‌ని మాత్రం నమ్మకు" అన్నాడు. హీరోయిన్ "వాడు మా బాబాయి మనిషని నాకెప్పుడో తెలుసు" అని నవ్వింది. మా అక్క కళ్ళు తుడుచుకుంది. నేను బయటికి వెళ్ళి గోడకి తల ఆనించి నవ్వాను.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తనే.

"రేపు పొద్దున మా ఇంటికి రా. అమ్మమ్మ నిన్ను రమ్మంటోంది."

"చెప్పేశావా?"

"చెప్పనిస్తే కదా! నేను సరైన టైము కోసం చూస్తున్నాను. ఈలోపు ఆవిడ చదివేసింది."

గోడ వదిలి నిటారుగా నిలబడ్డాను. "చదివినా సరే... అది హీరో హీరోయిన్ల సంగతి కదా. మన సంగతని ఎలా తెలుసు?"

"మొద్దూ! సీరియల్లో ఆ పిల్లకి అమ్మమ్మ ఎక్కడుంది? పాత్ర వేసినావిడ వేరే సీరియల్‌కి వెళ్ళిపోతే, ఎప్పుడో మెట్ల మీద నుంచి తోసి చంపేశారు కదా. 'లేని అమ్మమ్మకి వీడెందుకు భయపడుతున్నాడే?' అని అడిగింది నన్ను. నేను చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మడతపెట్టాను. అంతే, దొరికిపోయాను."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. మేడ మీద రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన టీవీ, దాని ఎదురుగా ఒకే ఒక కుర్చీ. టీవీ రిమోట్‌లో సౌండ్ బటన్ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. అమ్మమ్మ చిన్నగా, నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు తిన్నగా నా నోటి మీద ఉన్నాయి. ఆ చూపు ముందు నమస్కారం పెట్టడానికి కూడా ఉచ్చారణ సరిచూసుకోవాల్సి వచ్చింది.

"కూర్చో బాబూ. ఊపిరి చెయ్యి వదలనివాడివి నువ్వేనా?"

"నేనేనండీ" అన్నాను, తల దించుకుని.

"తలెత్తి మాట్లాడు. కింద చూస్తే నాకు వినపడదు." ఆవిడ కాస్త ముందుకు వంగింది. "ఇన్నాళ్ళూ ఆ పరాయి పిల్లాడి నోటితో చెప్పించావు. అతను ఏడుపు బాగా ఏడుస్తాడు, కాదనను. కానీ నా మనవరాలి సంగతి అతను చెప్తే నేనెందుకు ఒప్పుకోవాలి? నీ నోటితో చెప్పు."

అన్ని రోజులు అన్ని మాటలు అరిచిన మగగొంతు, ఇంత చిన్న గదిలో, ఒక్క ముక్క రాక బిక్కమొహం వేసింది.

తను అమ్మమ్మ కుర్చీ వెనకాలే నిలబడి ఉంది. నా అవస్థ చూసింది. గొంతు సవరించుకుని, ఏ భావమూ లేకుండా మొదలుపెట్టింది.

"అమ్మమ్మగారూ..."

"అమ్మమ్మగారూ" అన్నాను.

"మీ మనవరాలంటే... నాకు చాలా..."

"మీ మనవరాలంటే... నాకు చాలా..."

"ఆగు" అంది అమ్మమ్మ. "చూపు అటు పోతోంది. వెనక నిలబడి అందిస్తోందా?"

అమ్మమ్మ వెనక్కి తిరక్కుండానే, "వెళ్ళి టీ పెట్టవే" అంది. తను నా వైపు జాలిగా చూసి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఇక ఎదురుగా ఎవరూ లేరు. పేపర్ లేదు, డబ్బింగ్ లేదు. నోరైతే తెరిచాను గానీ గొంతు రాలేదు. ఎంత ప్రయత్నించినా గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఈవిడకి గొంతుతో పనేముంది?

పెదాలతోనే చెప్పాను. మెల్లగా, ఒక్క ముక్క మింగకుండా. ఆవిడ కళ్ళు కదలకుండా చదివింది. చివరిదాకా చదివి, ఆ మొహంలో ఒక్కో గీతా విచ్చుకుంటుంటే, నాకు ఏడుపు ఆగలేదు. మా హీరో కంటే నేనే బాగా ఏడ్చాననుకుంటాను.

"ఈసారి లిప్పు సరిపోయింది" అంది అమ్మమ్మ. నా చెయ్యి పట్టుకుని, చేతి మీద రెండుసార్లు తట్టింది. "దానికి కోపం ఎక్కువ. కనుబొమ్మ లేచినప్పుడు ఎదురు చెప్పకు."

"తెలుసండీ."

"పొద్దున లేవదు."

"తెలుసండీ."

"మరి ఇంకేం!" అంది ఆవిడ.

తను టీ కప్పులతో పరుగు లాంటి నడకతో వచ్చింది. నా తడి కళ్ళు చూసి, అమ్మమ్మ నవ్వు చూసి, కప్పులు బల్ల మీద పెట్టింది. అమ్మమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏం చెప్పాడు అమ్మమ్మా? నాకు ఒక్క ముక్క వినపడలేదు."

అమ్మమ్మ తాపీగా టీ కప్పు అందుకుంది. "నన్నడుగుతావేమే? నాకు చెవులే వినపడవు."

తను నా వైపు తిరిగింది. ఎడమ కనుబొమ్మ లేచింది.

తిరిగి వెళ్ళేటప్పుడు మెట్ల దాకా వచ్చింది. ఈ మెట్లు మంచివి, కిందికి దిగితే నిజంగానే వీధి వస్తుంది. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఏ కెమెరాలోనూ కనపడని వాన.

"ఏం చెప్పావ్ అమ్మమ్మకి?"

"ఎందుకులే. డబ్బింగ్‌లో చూసు..."

భుజం మీద ఒక్కటి పడింది. "వేషాలొద్దు. నా మొహం చూసి చెప్పు. ఆ కిరాణా కొట్టు గొంతుతో కాదు, ముక్కలు ముక్కలుగా కాదు."

నేను ఒక మెట్టు పైకెక్కి తన ఎదురుగా నిలబడ్డాను. మధ్యలో ఎవరూ లేరు.

"నీ ముందు నిలబడి లోకంలో ఉన్న మాటలన్నీ అరిచాను గానీ నా మాట చెప్పడానికి మాత్రం నువ్వు పక్కనుంటే తప్ప నాకు నోరు రావడం లేదు కాబట్టి ఎప్పుడూ నువ్వు నా పక్కనే ఉండాలి."

తన ముక్కు చివర చినుకొకటి వేలాడి, ఈసారి పడింది.

"మధ్యలో ఊపిరి తీసుకోవాలి, మొద్దూ" అంది. నవ్వుతూనే ఏడ్చింది.

నాకు ఊపిరి అప్పుడే వచ్చింది.